సుల్తాను చేతిలో సిరాబుడ్డి

మీరు అడిగినవి మూడు, కొన్న ఫ్రేము సంగతి నాలుగోది. ఇస్తాంబుల్ వెళ్లొచ్చారు, అయా సోఫియాలో అంతెత్తున వేలాడే అరబ్బీ రాతల గుండ్రటి పలకలు, తోప్‌కాపీ ప్యాలెస్‌లో సుల్తాన్ల సంతకాలు చూశారు, ఒక్క ముక్కా అర్థం కాలేదు. సుల్తానే తనకు రాత నేర్పే గురువుగారి సిరాబుడ్డి పట్టుకుని పక్కన కూర్చునేవాడని గైడ్ చెప్పాడట, అది నిజమా లేక టూరిస్టుల కోసం అల్లిన కథా అన్నది మొదటి ప్రశ్న. ఈ రాతగాళ్లు మన అష్టదిగ్గజాల్లాంటి ఆస్థాన కళాకారులేనా అన్నది రెండోది. అరబ్బీ రానివాడు ఈ రాతను ఎలా చూడాలి అన్నది మూడోది. చివర్లో ఫొటో పెట్టి ఇందులో ఏం రాసుందో చెప్పండి అన్నారు. ఫ్రేము సంగతి ఆఖర్న చెప్తాను, ముందే చెబితే మీరు మిగతాది చదవరు.

నేను పండితుణ్ని కాదండీ. ముప్పై ఏళ్లుగా అక్షరాలతోనే బతుకుతున్నాను, అంతే. మొదట దుకాణాల బోర్డులు, గోడల మీద ఎన్నికల రాతలు, సినిమా బ్యానర్లు. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయాక కంప్యూటర్ ముందు కూర్చుని ఫాంట్లు, లోగోలు. మధ్యలో నాలుగేళ్లు హైదరాబాద్ చత్తా బజార్‌లో ఒక ముసలి కాతిబ్ దగ్గర ఉర్దూ రాత నేర్చుకున్నాను. పెళ్లి కార్డులు రాసేవాడాయన. మా ఉస్తాద్ పుణ్యమా అని అటువైపు ఆసక్తి పెరిగి ఇస్తాంబుల్ రెండుసార్లు వెళ్లాను, రెండోసారి మూడు వారాలు ఉన్నాను. చెప్పేదంతా పనివాడి కళ్లతో చూసిందే అనుకోండి.

ముందు రెండో ప్రశ్న తీసుకుంటాను, ఎందుకంటే 'ఆస్థాన కళాకారుడు' అన్న మాట దగ్గరే మనం తప్పుదారి పడతాం. ఒట్టోమన్ ప్యాలెస్‌కి జీతగాళ్లయిన పనివాళ్ల పెద్ద వ్యవస్థ ఒకటి ఉండేది, ఎహ్లె హిరెఫ్ అనేవారు. కంసాలులు, కత్తులు చేసేవాళ్లు, బైండింగ్ చేసేవాళ్లు, నేతగాళ్లు, బొమ్మలేసే నక్కాష్‌లు, పుస్తకాలు రాసే కాతిబ్‌లు, అందరికీ పట్టీలు, రోజుకిన్ని అక్చెలని (వాళ్ల వెండి నాణేలు) జీతం, మూడు నెలలకోసారి బట్వాడా. నక్కాష్‌లు ముఖ్యంగా ఈ బాపతే. తబ్రీజ్ నుంచి వచ్చిన షాహ్‌కులు, ఆయన తర్వాత తులిప్ పూలూ కార్నేషన్లూ గీసి ఇజ్నిక్ ఊరి రంగు పింగాణీ పలకల రూపురేఖలే మార్చేసిన కరా మెమీ, మూడో మురాద్ కాలంలో చరిత్ర పుస్తకాలకు బొమ్మలేసిన నక్కాష్ ఉస్మాన్, 1720 నాటి సున్తీ పండగను బొమ్మల్లో పెట్టిన లెవ్నీ, వీళ్లను ఆస్థాన చిత్రకారులంటే ఏ పేచీ లేదు. వీళ్ల మీద విడిగా రాయాలి, ఇక్కడ వదిలేస్తున్నాను.

ఖత్తాత్, అంటే అక్షరాలను కళగా రాసేవాడు, అతని సంగతి అలా కాదు. (టర్కీ వాళ్లు 'హత్తాత్' అంటారు, ఆ రాతను 'హత్' అంటారు. మా ఉస్తాద్ నోట విన్న మాట కాబట్టి నేను ఖత్తాత్ అనే అంటాను.) వాళ్లలోనూ ప్యాలెస్ జీతం తిన్నవాళ్లున్నారు, కాదనను. కానీ ఖత్తాత్ పరువు ప్యాలెస్ ఇచ్చింది కాదు, గురువు ఇచ్చింది. 'నువ్వు రాసినదాని కింద నీ పేరు పెట్టుకోవచ్చు' అని గురువు రాసిచ్చే పత్రం ఉంటుంది, ఇజాజెత్ అంటారు. మన ఇజాజత్తే. ఆ కాగితం లేకుండా, చెయ్యి ఎంత తిరిగినవాడైనా సరే, 'కెతెబెహు' అని, అంటే 'దీన్ని రాసినది' అని, పేరు పెట్టుకోకూడదు. ఆ గురువుకి ఆయన గురువు, ఆయనకు ఇంకొకాయన, అలా వెనక్కి పోతే దారి బాగ్దాద్ దాకా వెళ్తుంది. సుల్తానుకు రాత నేర్చుకోవాలని బుద్ధి పుడితే ఆయనా ఈ వరసలోనే ఎక్కడో శిష్యుడిగా కూర్చోవాలి.

ఇక సిరాబుడ్డి. షేక్ హమ్దుల్లా అని అమాస్యా ఊరివాడు, 1436లో పుట్టాడు. ఆ ఊళ్లో గవర్నరుగా ఉన్న రాకుమారుడు బాయెజీద్ ఆయన దగ్గర రాత నేర్చుకున్నాడు. 1481లో బాయెజీద్ సుల్తాను అయ్యాక గురువుని ఇస్తాంబుల్‌కి రప్పించాడు. హమ్దుల్లా రాస్తుంటే సుల్తాను సిరాబుడ్డి పట్టుకునేవాడని, వీపు వెనక దిండు సర్దేవాడని చెబుతారు. కృష్ణదేవరాయలు పెద్దన పల్లకీకి తన చెయ్యి వేశాడన్నట్టే. తమాషా ఏమిటంటే కాలమూ దాదాపు ఒకటే, హమ్దుల్లా 1520లో పోయేనాటికి ఇక్కడ రాయలు సింహాసనం మీద ఉన్నాడు. చూసినవాళ్ల సాక్ష్యం అడిగితే ఎవరూ తేలేరు, మన చాటు కథల్లాగే తరం నుంచి తరానికి చెప్పుకుంటూ వచ్చినవి. కాకపోతే రాయలు పెద్దన ముందు పలక పట్టుకుని కూర్చుని తప్పులు దిద్దించుకోలేదు కదా. బాయెజీద్ ఆ పని చేశాడు, అది కథ కాదు. కాబట్టి మీ గైడ్ మరీ అబద్ధం చెప్పలేదు.

హమ్దుల్లా మామూలు మనిషి కాదు. విలుకాడు కూడా, ఇస్తాంబుల్‌లో విలువిద్య మైదానమైన ఓక్‌మెయ్‌దానీలో విలుకాళ్లకు పెద్ద. అప్పటిదాకా అందరూ యాకూత్ అల్ ముస్తాసిమీ చేతిరాతను ప్రమాణంగా పెట్టుకునేవారు. 1298లో బాగ్దాద్‌లో చనిపోయిన మనిషి, కలం మొనను బాగా ఏటవాలుగా కోసి రాతకు పదును తెచ్చినవాడు. 'యాకూత్‌ను దాటి నీదైన దారి ఒకటి తియ్యి' అని బాయెజీద్ ఖజానాలో ఉన్న యాకూత్ రాతలు తీసి హమ్దుల్లా ముందు పెట్టాడట. ఈయన నలభై రోజులు తలుపేసుకుని ఒక్కో అక్షరం ముందు పెట్టుకుని చూసి, యాకూత్ చేతిలోనే ఎక్కడ బాగా కుదిరిందో ఏరి, ఆ ఏరినవాటితో కొత్త తీరు కట్టాడు. కొత్తది కనిపెట్టడం అంటే మనవాళ్లు గాల్లోంచి తీయడం అనుకుంటారు. ఈయన చేసింది ఏరడం. నన్నడిగితే అదే కష్టం.

రెండో సిరాబుడ్డి కథ హాఫిజ్ ఉస్మాన్‌ది, 1642 నుంచి 1698 వరకు బతికాడు. రెండో ముస్తఫాకూ ఆ తర్వాత సుల్తాను అయిన మూడో అహ్మద్‌కూ గురువు. ఒకరోజు ముస్తఫా బుడ్డి పట్టుకుని చూస్తూ చూస్తూ 'ఇంకొక హాఫిజ్ ఉస్మాన్ పుట్టడు' అన్నాడట. ఈయన తలెత్తకుండా 'సిరాబుడ్డి పట్టే సుల్తాన్లు ఉంటే చాలామంది హాఫిజ్ ఉస్మాన్లు పుడతారు' అన్నాడట. పొగడ్తో చురకో తెలియకుండా మాట్లాడటం అంటే ఇదీ. ఇప్పుడు ఇస్తాంబుల్ ఇళ్లల్లో గోడలకు కనిపించే హిల్యె ఆయన పెట్టిన పద్ధతే. ప్రవక్త బొమ్మ వెయ్యరు కదా, అందుకని ఆయన ఎలా ఉండేవాడో, ఎత్తెంతో, నడక ఎలాంటిదో హజ్రత్ అలీ చెప్పినట్టుగా ఉన్న వర్ణనను మధ్యలో గుండ్రంగా రాసి, చుట్టూ నెలవంక, నాలుగు మూలల నలుగురు ఖలీఫాల పేర్లు పెడతారు. బొమ్మ ఉండాల్సిన చోట మాటలు కూర్చుంటాయి. మీరు ఏ మ్యూజియంలో చూసినా ఈ ఆకారాన్ని ఇక గుర్తుపట్టేస్తారు.

ఈ చదువు ఎలా సాగుతుందో చెబితే సుల్తాన్లు ఎందుకు తలవంచారో అర్థమవుతుంది. మనకు ఓనమాలు దిద్దించినట్టే. దాన్ని మెష్క్ అంటారు, మా ఉస్తాద్ 'మష్క్' అనేవాడు. మొదటి పాఠం మొదటి అక్షరమైన అలిఫ్ కూడా కాదు, ఒక ప్రార్థన, 'ప్రభూ, తేలిక చెయ్యి, కష్టం చెయ్యకు, మేలుగా ముగించు' అని. గురువు పైన రాసిస్తాడు, శిష్యుడు ఇంటికెళ్లి రాసుకుని వారానికోసారి తెస్తాడు, తప్పు ఉన్నచోట గురువు కిందనే సరైన ఆకారం రాసి చూపిస్తాడు. బాగుంటే తర్వాతి పాఠం, లేకపోతే అదే. ఆ ఒక్క ప్రార్థన దగ్గర నెలలు గడిపేవాళ్లున్నారు. ఆ తర్వాత విడి అక్షరాలు, తర్వాత జంటలు, తర్వాత వాక్యాలు. అలా కొన్నేళ్లు నడిచాక పాత ఉస్తాద్ రాసిన ఒక పలకను చూసి రాయమంటారు, అది కుదిరితే దాని కింద ఇజాజెత్ రాసిస్తారు. నాకు మా ఉస్తాద్ ఏ కాగితమూ ఇవ్వలేదు. నాలుగో ఏడు కూడా నా 'నూన్' అక్షరం కడుపు చూసి తల అడ్డంగా ఊపేవాడు. అందుకే ఇప్పటికీ నేను రాసిన ఉర్దూ కింద పేరు పెట్టను.

సామాన్ల గురించి కొంచెం చెప్పాలి, నాకు ఇష్టమైన భాగం ఇదే. మనం కలం అంటామే, వాళ్లదీ అదే మాట. రెల్లు పుల్ల. కోసిన రెల్లును గుర్రపు పేడలో పాతిపెడతారు, ఆ వెచ్చదనానికి నెమ్మదిగా ఆరి గట్టిపడి ఎర్రగోధుమ రంగుకు తిరుగుతుంది. దాని మొనను చెక్కి, మధ్యలో చీలిక పెట్టి, దంతంతోనో ఎముకతోనో చేసిన చిన్న పట్టీ మీద ఆనించి చాకుతో ఒక్క నొక్కు నొక్కితే 'టిక్' అని మొన తెగుతుంది. ఆ టిక్ చప్పుడు వినగానే మా ఉస్తాద్ కలం బాగుందో లేదో చెప్పేసేవాడు, మొన చూసేవాడే కాదు. మన గంటానికి ఎటు గీసినా మందం ఒకటే. ఈ కలానికి అలా కాదు, ఏటవాలు కోత వల్ల నిలువుకొక మందం, అడ్డానికొక మందం, తిప్పితే ఇంకొకటి. అందం సగం ఆ కోతలోనే ఉంది.

సిరా మసితో చేస్తారు. నూనె దీపాల మసిని తుమ్మజిగురులో వేసి రోజులకు రోజులు నూరాలి. సులేమానియా మసీదులో వేలకొద్దీ దీపాల పొగ గోడలను పాడుచేయకుండా గాలి ప్రవాహమంతా ప్రధాన ద్వారం మీదున్న ఒక గదిలోకి పోయేలా కట్టారని, అక్కడ పేరుకున్న మసిని గోకి తీసి సిరాకి వాడారని అక్కడ ఎవర్నడిగినా చెబుతారు. సిరాబుడ్డిలో సిరా ఊరికే పొయ్యరు, పట్టుపీచు ఉండ ఒకటి వేసి దానికి పట్టిస్తారు. కలం ముంచితే ఎక్కువ తక్కువ కాకుండా అది చూసుకుంటుంది, బుడ్డి ఒరిగినా సిరా ఒలకదు. మరి బుడ్డి పట్టుకోవడానికి ఇంకొక మనిషి ఎందుకంటారేమో. వాళ్లు బల్ల మీద పెట్టి రాయరు. ఒక మోకాలు ఎత్తి, దాని మీద కాగితం పెట్టుకుని రాస్తారు. చెయ్యి చాచినచోటే బుడ్డి ఉంటే ఆ హాయి వేరు.

కాగితాన్ని గుడ్డు తెల్లసొనా పటికా కలిపి గిలకొట్టి పూస్తారు, ఆరాక నున్నటి రాయితో రుద్దుతారు, రుద్ది ఏడాదో ఎంతో పక్కన పడేస్తారు. అలా చేసిన కాగితం సిరాను లోపలికి పీల్చదు, పైనే నిలబెడుతుంది. దాంతో తప్పు రాస్తే తడి చేసి తుడిచేయొచ్చు. చేతికి అందే తడి ఏది, నాలిక. అందుకే టర్కీలో నాలుగు ముక్కలు చదువుకున్నవాణ్ని 'సిరా నాకినవాడు' అంటారు. ఇది చదివి నేనూ ఒకసారి ఇంట్లో ఉన్న బ్యానర్ సిరాతో ప్రయత్నించాను. రెండు రోజులు నాలిక నల్లగానే ఉంది, మా ఆవిడ ఇప్పటికీ ఆ మాటెత్తి నవ్వుతుంది. మీరు చెయ్యకండి.

ఇక అరబ్బీ రానివాడు ఎలా చూడాలి. చుక్కతో మొదలుపెట్టండి. కలం మొనను కాగితం మీద ఒత్తి కొంచెం లాగితే డైమండ్ ఆకారంలో చుక్క పడుతుంది. ఆ చుక్కే కొలబద్ద. సులుస్ అనే పెద్ద రాతలో అలిఫ్ ఎత్తు సుమారు ఏడు చుక్కలు. గిన్నెలాంటి అక్షరం వెడల్పు ఎన్ని చుక్కలు, లోతెంత, అంతా లెక్కే. ఈ లెక్కల పద్ధతికి ఇబ్న్ ముఖ్లా పేరు చెబుతారు, బాగ్దాద్‌లో వజీరుగా ఉన్నవాడు, రాజకీయాల్లో ఇరుక్కుని కుడి చెయ్యి నరికించుకుని 940లో చచ్చిపోయాడు. ఈ లెక్క వల్ల కలం మారితే చుక్క మారుతుంది, చుక్కతోపాటు మొత్తం రాత పెరుగుతుంది, తగ్గుతుంది, పోలిక మాత్రం చెడదు. మీరు ఏదైనా పలక ముందు నిలబడితే చదవడానికి ప్రయత్నించకండి. ముందు నిలువు గీతలన్నీ చూడండి, అన్నీ ఒకే వాలులో ఉన్నాయా, మధ్య ఖాళీలు సమంగా ఉన్నాయా. తర్వాత కింది గిన్నెలు చూడండి, వరసగా కూర్చోబెట్టిన కుండల్లా ఒకే పోలికలో ఉన్నాయా. ఆ తర్వాత ఖాళీ జాగా చూడండి, ఎక్కడా బిగుసుకుపోయి, ఎక్కడా బోసిపోయి ఉండకూడదు. నేను గోడల మీద రాసిన రోజుల్లో మా మేస్త్రీ దూరంగా నిలబడి కళ్లు సగం మూసి చూడమనేవాడు. ఇక్కడా అదే కిటుకు పనిచేస్తుంది.

అయా సోఫియా పలకలకు వద్దాం. మొత్తం ఎనిమిది, ఒక్కొక్కటి ఏడున్నర మీటర్ల అడ్డం. అల్లా, ముహమ్మద్, నలుగురు ఖలీఫాలు, ప్రవక్త మనవళ్లు హసన్ హుసేన్. ఆకుపచ్చ మీద బంగారు అక్షరాలు. 1847 నుంచి 1849 దాకా ఫొస్సాతీ అన్నదమ్ములు ఆ కట్టడాన్ని బాగుచేసినప్పుడు కజాస్కెర్ ముస్తఫా ఇజ్జెత్ రాశాడు. ఆయన గొప్ప గాయకుడు, నెయ్ అనే వేణువు వాయించేవాడు, న్యాయాధికారి. ఆ బిరుదే కజాస్కెర్. కట్టడం 1930లలో మ్యూజియం అయినప్పుడు పలకలు దించారు గానీ తలుపులోంచి బయటికి పట్టలేదు, లోపలే ఓ మూల పెట్టి ఉంచి 1949లో మళ్లీ ఎక్కించారు. మనింట్లో బీరువా మెట్ల మలుపు దగ్గర ఇరుక్కున్న సంగతే, కాకపోతే ఏడున్నర మీటర్ల బీరువా.

అంత పెద్దది కలంతో ఒక్క ఊపులో రాయరండీ, గైడ్లు అలా చెప్పినా నమ్మకండి. ముందు చిన్నగా రాస్తారు, గళ్లు గీసి పెంచుతారు. పెద్ద రాతను జెలీ అంటారు. నల్ల కాగితం మీద పసుపు హరిదళం సిరాతో రాసి, అంచులు సరిచేసుకుంటూ, గీత గీతకూ దిద్దుతూ రోజుల తరబడి కూర్చుంటారు. తృప్తి కలిగాక అంచు వెంబడి సూదితో పొడుస్తూ పోతారు. ఆ చిల్లుల కాగితాన్ని గోడకో రాయికో ఆనించి బొగ్గుపొడి మూటతో అద్దితే చుక్కచుక్కలుగా ఆకారం దిగుతుంది. ముగ్గుల డబ్బాలు గుర్తున్నాయా, చిల్లుల రేకు మీద పొడి రాస్తే నేల మీద పద్మం దిగేది, అదే పద్ధతి. మేం సినిమా బ్యానర్లకు టైటిల్ దించేదీ ఇలాగే. నేను ఇస్తాంబుల్‌లో మొదటిసారి ఆ చిల్లుల కాగితం చూసినప్పుడు సొంత ఊరి మనిషి ఎదురైనట్టనిపించింది.

పెద్ద రాతను నిజంగా నిలబెట్టినవాడు ముస్తఫా రాకిమ్, 1758లో పుట్టి 1826లో పోయాడు. రెండో మహ్మూద్‌కి గురువు. ఆయనకు ముందు చిన్న రాతలో ఎంతో నాజూకుగా ఉండే అక్షరం గోడ మీదికి ఎక్కేసరికి మొద్దుగా, ఇరుకుగా తయారయ్యేది. రాకిమ్ బొమ్మలు కూడా వేసేవాడు, మూడో సెలీమ్ బొమ్మ వేశాడు. ఆ కన్ను ఉంది కాబట్టి, ఎత్తున ఉన్న అక్షరాన్ని కిందనుంచి తలెత్తి చూసేవాడికి అది ఎలా కనిపిస్తుందో లెక్కవేసి కొలతలు సర్దాడు. ఇస్తాంబుల్‌లోనే ఫాతిహ్ పేటలో నక్షిదిల్ సుల్తాన్ సమాధి మీద ఆయన రాత ఉంది, మళ్లీ వెళ్తే చూడండి. ఎమినోనూలో మసాలాల బజారు పక్కన యెనీ జామీ మసీదు సెబిల్ (దారినపోయేవాళ్లకు నీళ్లిచ్చే చలివేంద్రం) మీద సామీ ఎఫెందీ రాసింది కూడా. నేర్చుకునేవాళ్లకు అది గోడమీది టెక్స్ట్‌బుక్కు, ఇప్పటికీ విద్యార్థులు నోట్‌బుక్కులు పట్టుకుని దాని ముందు నిలబడతారు. జనం మాత్రం దాన్ని దాటుకుని టర్కిష్ డిలైట్ కొనుక్కోవడానికి పోతారు. నేనూ మొదటిసారి అదే చేశాను.

మీరు తప్పకుండా దాటి వెళ్లిన చోటు ఇంకొకటి. తోప్‌కాపీ పెద్ద గేటు ముందు, అయా సోఫియా వెనక, పెద్ద చూరుతో ఒక ఫౌంటెన్ ఉంది కదా, అది మూడో అహ్మద్ 1728లో కట్టించింది. హాఫిజ్ ఉస్మాన్ శిష్యుడని పైన చెప్పానే, ఆయనే. దాని మీద ఒక పాదం సుల్తాను తన చేత్తో రాశాడు: 'బిస్మిల్లా అని తిప్పు, నీళ్లు తాగు, ఖాన్ అహ్మద్‌కి దువా చెయ్యి' అని. అరబ్బీ అక్షరాలకు అంకెలుంటాయి, పాదంలోని అక్షరాలన్నీ కూడితే కట్టిన హిజ్రీ సంవత్సరం రావాలి. మన కటపయాది లాంటి ఆటే. సుల్తాను కట్టిన పాదంలో నాలుగు తగ్గిందట. సయ్యద్ వెహ్బీ అనే కవి మొదట్లో 'ఆచ్' అన్న మాట చేర్చాడు, అంటే 'తెరువు', కుళాయి తిప్పు అని. అలిఫ్ ఒకటి, చీమ్ మూడు, మొత్తం నాలుగు, లెక్క 1141కి సరిపోయింది. నీళ్ల కుళాయి మీద 'తిప్పు' అన్న మాటే తక్కువ పడటం, అదే కుదరడం, దీనికంటే మంచి పూరణ నేను వినలేదు.

సుల్తాన్ల సంతకం తుగ్రా. ఓర్హాన్ కాలం నాటిది, 1324లోది, మొట్టమొదటిది. పైకి లేచే మూడు నిలువు గీతలు, ఎడమవైపు ఒకదాంట్లో ఒకటి రెండు కోడిగుడ్డు ఆకారాలు, వాటి కొసలు కుడివైపుకి చాచిన చేతుల్లా సాగుతాయి, అడుగున అక్షరాలు గుట్టగా పేర్చి ఉంటాయి. అసలు పేరంతా ఆ గుట్టలోనే: ఫలానా, ఫలానా వాడి కొడుకు, ఖాన్, 'ఎల్లప్పుడూ విజయుడు'. దీన్ని సుల్తాను కూర్చుని గీయడు, నిషాన్జీ అనే పెద్ద అధికారి చూసుకునేవాడు. ఆ కింద ఫర్మానా రాసే లిపి దివానీ, అక్షరాల మధ్య ఇంకో మాట దూర్చడానికి సందు లేకుండా ఒకదాని మీద ఒకటి ఎక్కించి రాస్తారు. చెక్కు మీద 'మాత్రమే' అని రాసి గీత కొట్టే బాధ వాళ్లకు లేదు.

ఒక్క మనిషి గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. యెసారీ మెహ్మెద్ ఎసద్, 1798లో పోయాడు. పుట్టుకతోనే కుడివైపు పడిపోయింది, ఎడమ చెయ్యి కూడా వణికేది. యెసారీ అంటేనే ఎడమచేతివాటం. పేరున్న ఒక పెద్ద గురువు దగ్గరికి నేర్చుకుంటానని వెళితే 'నీవల్ల ఎక్కడవుతుంది' అని పంపేశాడు. ఇంకొకాయన చేర్చుకున్నాడు. కొన్నేళ్లకు ఇజాజెత్ రోజున ఇతని రాత చూసి ఆ మొదటాయన, 'మన గర్వం విరగ్గొట్టడానికే దేవుడు ఇతన్ని పంపాడు' అన్నాడని చెబుతారు. తాలిక్ అనే వాలు లిపిలో టర్కీ తీరు మొదలైంది ఈ చేత్తోనే. అలాగే ఎస్మా ఇబ్రెత్ అనే అమ్మాయి 1795లో పదిహేనేళ్లకే హిల్యె రాసింది, అది మూడో సెలీమ్ దాకా వెళ్లింది. ఆడవాళ్లు ఈ పని చెయ్యలేదనేవాళ్లకు ఈ పేరు చెప్పండి.

తర్వాత ఏమైందంటారా, 1928 నవంబరు 1న టర్కీ లాటిన్ లిపికి మారింది. పొద్దున్నే లేచేసరికి చేతిలో విద్య ఉంది, చదివేవాడు లేడు. నెజ్మెద్దీన్ ఓక్యాయ్ లాంటివాళ్లు ఎబ్రూ కాగితం (నీళ్ల మీద రంగులు తేల్చి అద్దేది), బైండింగ్ నేర్పుతూ గడిపారు. దియార్‌బకిర్ నుంచి వచ్చిన హామిద్ ఐతాచ్ ప్రెస్ పెట్టుకుని లేబుళ్లు, విజిటింగ్ కార్డులు అచ్చువేసుకున్నాడు, మధ్యమధ్యలో షిష్లీ మసీదు గోడల రాతల్లాంటివి రాశాడు. 1982లో పోయేదాకా వచ్చినవాడికి నేర్పుతూనే ఉన్నాడు. ఆయన శిష్యుడు హసన్ చెలెబీ దగ్గర అమెరికా నుంచి మొహమ్మద్ జకారియా పోస్టులో పాఠాలు పంపించుకుని దిద్దించుకుని 1988లో ఇజాజెత్ తీసుకున్నాడు. ఇప్పుడైతే కుర్రాళ్లు ఫోన్లో ఫొటో తీసి పంపిస్తున్నారు. 2021లో ఈ కళ యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కింది.

ఈ భాగం చదివినప్పుడల్లా నాకు చత్తా బజార్ గుర్తొస్తుంది. 1990లలో ఉర్దూ కంప్యూటర్‌లోకి వచ్చాక పత్రికల్లో కాతిబ్‌ల వరస కుర్చీలు ఖాళీ అయ్యాయి. మా ఉస్తాద్ పెళ్లి కార్డులకు దిగింది అందుకే. నాకు ఫ్లెక్సీ చేసినదే ఆయనకు కంప్యూటర్ చేసింది, ఇద్దరం ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. హైదరాబాద్‌కి ఒట్టోమన్లతో చుట్టరికమూ ఉంది. చివరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ స్వయంగా చిత్రకారుడు, ఆయన కూతురు దుర్రు షెహ్వార్‌ను 1931లో నిజాం పెద్ద కొడుకు ఆజం ఝాకిచ్చి చేశారు. (ఉస్మానియా యూనివర్సిటీ పేరు మాత్రం ఒట్టోమన్లది కాదు, మన నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఈ పొరపాటు చాలామంది చేస్తారు.) పైగా ఆ యాకూత్ రాసిన ఖురాన్ ఒకటి సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది, జహంగీర్, షాజహాన్, ఔరంగజేబుల దస్తకత్తులతో. హమ్దుల్లా నలభై రోజులు తలుపేసుకుని చూసిన చెయ్యి అది. మీది హైదరాబాదే అన్నారు కదా, వెళ్లి చూడండి.

సరే, మీ ఫ్రేము. జూమ్ చేసి చూశాను. కాగితం పాత పుస్తకంలో పేజీలా పసుపుగా ఉంది కాబట్టి పురాతనమని షాపువాడు చెప్పి ఉంటాడు. అక్కడి పాత పుస్తకాల బజార్లలో నిజమైన పాత పేజీల మీదే కొత్తగా బొమ్మలూ రాతలూ వేసి అమ్ముతారు, నేనూ మొదటిసారి అలాంటిదే ఒకటి తెచ్చుకున్నాను, వెనక్కి తిప్పి చూస్తే ఏదో లెక్కల పుస్తకం. మీది అచ్చు మాత్రం కాదు. భూతద్దం పెట్టి అక్షరం అంచు చూడండి, రంగు చుక్కలుగా విడిపోతే ప్రింటు. మీ ఫొటోలో కలం తిరిగిన చోట సిరా పలచబడి, ఆగిన చోట ముద్దగా ఉంది, అంటే ఎవరో చేత్తో రాశారు. కింద పేరు లేదు. ఇజాజెత్ లేని కుర్రాడెవరో రాసి ఉంటాడు, నాలాంటివాడు. పైన రెండు కళ్లలా కనిపించేది 'హె' అనే అక్షరం, కింద పెద్ద కొడవలిలా వంగింది 'చె'. మాట 'హిచ్'. ఉర్దూలో హేచ్ అంటారు. సూఫీలకు ఇష్టమైన మాట, ఇస్తాంబుల్‌లో ప్రతి సందులోనూ అమ్ముతారు.

అర్థం 'ఏమీ లేదు'. ఇందులో ఏం రాసుంది అని ఇంటికొచ్చినవాళ్లు అడిగితే అదే చెప్పండి.